అడవి మూలికకు ఎలాంటి నేల కావాలి? పక్క మొక్కల్ని చూసి తెలుసుకునే పద్ధతి

తొలకరి పడిందంటే చాలు, నన్ను అడిగేవాళ్ళంతా ఒకటే అడుగుతారు. "గుట్ట మీద సుగంధిపాల చూశాం. వేరుతో సహా తెచ్చి పెరట్లో పెట్టాం. రోజూ నీళ్ళు పోశాం. నెల తిరక్కుండా పోయింది. ఎక్కడ తప్పు చేశాం?" సుగంధిపాల కాకపోతే సరస్వతి ఆకు, అదీ కాకపోతే నేలవేము. మొక్క పేరు మారుతుంది గానీ ప్రశ్న మారదు.

నేను తిరిగి అడిగేదీ ఒకటే. అది మొలిచిన చోట దాని చుట్టూ ఇంకేం మొలిచి ఉన్నాయి? దీనికి జవాబు చెప్పగలిగినవాళ్ళు చాలా తక్కువ. మూలికకు ఫొటో తీస్తారు, ఆకు నలిపి వాసన చూస్తారు. ఈ పని చేస్తున్నంతసేపూ పక్కనున్న గడ్డిని తొక్కుతూ నిలబడతారు. ఆ నేలలో నీరెంత, ఉప్పెంత, ఎండెంత అన్న సంగతి ఆ గడ్డికి తెలుసు.

ఇది కొత్త విద్యేం కాదు. మందు మొక్కలు ఎలాంటి చోట పెరిగినవైతే మంచివో చెబుతూ చరక సంహిత కల్పస్థానం కొన్ని గుర్తులిచ్చింది. దర్భ, రోహిష అనే వాసన గడ్డి పరుచుకున్న నేల, నాగలి పడని నేల, బలమైన చెట్లు కమ్మేయని నేల కావాలంది. పుట్టలు, శ్మశానాలు, చవుడు (ఉప్పు పేరుకున్న నేల) ఉన్న చోట్లు వద్దంది. అంటే వైద్యుడు మూలికను చూసేముందు గడ్డిని చూసేవాడు. మనమూ అక్కడే మొదలుపెడదాం.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి

వేరు ఎంత లోతుకు దిగుతుందో, మొక్క అంత లోతు వరకే సాక్ష్యం చెప్పగలదు. ఈ పద్ధతి మొత్తానికి ఆయువుపట్టు ఇదే.

నేనిది నష్టపోయి నేర్చుకున్నాను. మా చేను చివర, వాగు పక్కన ఈత చెట్లు గుంపుగా ఉంటాయి. ఈత ఉందంటే నీళ్ళున్నట్టే అనుకుని అక్కడ రెండు సెంట్లలో సరస్వతి ఆకు పెట్టాను. కార్తీకం దాకా పచ్చగా పాకింది. మాఘంలో ఆకు అంచులు ముడుచుకున్నాయి. ఫాల్గుణం వచ్చేసరికి తీగ పీచులా మిగిలింది. గునపంతో తవ్వి చూస్తే మోకాలి లోతు దాకా పొడి ఇసుక. ఈత చెప్పింది నిజమే, నీళ్ళున్నాయి. కాకపోతే అవి నిలువు లోతున ఉన్నాయి. సరస్వతి ఆకు వేరు జానెడు దిగితే గొప్ప. ఆ ఈత చెట్ల కింద, పైతడి ఉన్న చోట మొలిచే తుంగ ఒక్క పరక కూడా లేదు. నాటేముందు నేను చూడాల్సింది అది.

అందుకని పైపై వేర్ల మూలిక గురించి గడ్డినీ చిన్న మొక్కల్నీ అడగండి. లోతు వేర్ల తీగ గురించి పొదల్ని అడగండి. పెద్ద చెట్టును నీడ గురించీ, అడుగు నీటి గురించీ మాత్రమే అడగండి.

కావలసినవి

- నాలుగు మీటర్ల తాడు, మీటరుకో ముడి. నేల మీద నాలుగు మూలలుగా పరిస్తే చదరపు మీటరు గడి వస్తుంది.
- చిన్న గునపం, అంగుళాలు గుర్తు పెట్టిన కర్ర.
- మూత గట్టిగా పట్టే గాజు సీసా. లోపల అడుగు చదునుగా ఉండాలి.
- రెండు లీటర్ల నీళ్ళు, చిన్న సీసాలో వెనిగర్.
- నోటు పుస్తకం, పెన్సిల్, ఫోన్.
- కాలు మూసే బూట్లు, చేతి తొడుగులు. వయ్యారిభామ తగిలితే చాలామందికి చర్మం మీద దద్దుర్లు లేస్తాయి. దురదగొండి కాయలున్న తీగ దగ్గరకైతే గాలికి ఎదురుగా వెళ్ళకండి.

నేలలో గుచ్చితే అంకె చూపించే చవక మీటర్లు అక్కర్లేదు. పొడి నేలలో వాటి మాట నమ్మడానికి లేదు.

ఇంకొకటి. నాగార్జునసాగర్ శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాలు గానీ, శేషాచలం కొండల్లోని జాతీయ ఉద్యానవనం గానీ, అనుమతి లేకుండా లోపలికి వెళ్ళొద్దు, ఏదీ పీకొద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. ఈ పద్ధతి నేర్చుకోవడానికి ఊరి బీడు, చెరువు గట్టు, పొలం గట్టు చాలు. నారు నర్సరీలో కొనుక్కోండి. అడవిలో తెచ్చుకోవాల్సింది సమాచారమే.

1. మూలిక అదేనా అని ఖాయం చేసుకోండి

పక్క మొక్కల్ని ఎంత శ్రద్ధగా రాసుకున్నా, నడుమనున్నది వేరే మొక్క అయితే పనంతా వృథా. బ్రాహ్మి అని అడిగితే కొందరు సరస్వతి ఆకు ఇస్తారు, కొందరు నీటి బ్రాహ్మి ఇస్తారు. రెండూ తడి నేలవే అయినా రెండు వేరు మొక్కలు. సరస్వతి ఆకు గుండ్రంగా, మూత్రపిండం ఆకారంలో, అంచు నొక్కులతో ఉంటుంది. నీటి బ్రాహ్మి ఆకు చిన్నది, మందంగా కండపట్టి ఉంటుంది. సుగంధిపాలను పోలిన, తుంచితే పాలు కారే తీగలు ఇంకా ఉన్నాయి. ఆకు చూసి తేల్చకండి, వేరు వాసన చూడండి. వాసన లేకపోతే అది సుగంధిపాల కాదు.

2. రెండుసార్లు వెళ్ళండి

వానాకాలంలో ఒకసారి, ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో ఇంకోసారి. ఆగస్టులో ప్రతి నేలా పచ్చగానే ఉంటుంది, అప్పుడు మొలిచినదంతా సాక్షి కాదు. ఎండాకాలంలో ఏవి నిలబడ్డాయి, ఏవి ఎండి మోడయ్యాయి, ఏవి ఆనవాలు లేకుండా పోయాయి అన్నది అసలు లెక్క. ఒక్కసారే వెళ్ళడానికి కుదిరితే సంక్రాంతి తర్వాత వెళ్ళండి. వానల మొక్కలు ఎండిపోయి ఉన్నా అప్పటికి గుర్తుపట్టడానికి వీలుగానే ఉంటాయి.

3. తాడు గడి వేసి రాయండి

మూలిక గడి నడుమకు వచ్చేలా తాడు పరవండి. గడిలో ఉన్న ప్రతి మొక్కనూ రాయండి. పేరు తెలియకపోతే "పసుపు పూలు, గరుకు ఆకు, మోకాలెత్తు" అని రాసుకుని ఫొటో తీయండి. తర్వాత పది అడుగుల దూరంలో ఉన్న పొదలు, ముప్పై అడుగుల దూరంలో ఉన్న చెట్లు రాయండి. ఇలా మూలిక దొరికిన ఐదు చోట్ల చేయాలి. ఐదూ ఒకే గట్టు మీదివి కాకూడదు.

4. లేని చోట కూడా గడి వేయండి

దాదాపు అందరూ వదిలేసే మెట్టు ఇది. మూలిక కనబడని మరో ఐదు చోట్ల, అదే గుట్ట మీద, గడి వేసి రాయండి.

లెక్క ఎలా చూడాలంటే, బలుసు పొద మూలిక ఉన్న ఐదు చోట్లలో నాలుగింట ఉంది, లేని ఐదింటిలో ఒక్కచోటే ఉంది అనుకోండి. బలుసు సాక్షిగా పనికొస్తుంది. ఉత్తరేణి ఉన్న ఐదింటా ఉంది, లేని ఐదింటా ఉంది. అప్పుడు ఉత్తరేణి ఏమీ చెప్పనట్టే, పుస్తకంలోంచి కొట్టేయండి. ఉన్న చోట ఒక్కసారీ కనబడకుండా, లేని చోటల్లా కనబడే మొక్క ఏదైనా ఉంటే దాని చుట్టూ గీత గీయండి. ఆ మొక్కకు నచ్చే నేల మీ మూలికకు పనికిరాదన్నమాట. నాకు ఎక్కువసార్లు దారి చూపించినవి ఇలాంటి మొక్కలే.

5. పక్క మొక్కల్ని చదవండి

ఒక్క మొక్కను చూసి ఏదీ తేల్చకండి. కనీసం మూడు మొక్కలు ఒకే మాట చెప్పాలి.

*నీరు పైపైనే ఉందా?* తుంగ, గుంటగలగర, పొన్నగంటి కలిసి కనిపిస్తే జానెడు లోతులోనే తడి ఏడాదిలో చాలా నెలలు ఉంటుంది. తుంగ ఒక్కటే ఉంటే నమ్మకండి. అది గడ్డల బలంతో ఎండిన చేలోనూ బతుకుతుంది. నీటి బ్రాహ్మి కూడా ఉంటే ఆ తడి ఎండాకాలంలోనూ పోదని చెప్పొచ్చు.

*నీరు నిలుస్తుందా?* కణుపు కణుపుకూ ముళ్ళు, ఊదా రంగు పూలు ఉండే నీరుగొబ్బి, కుంటల అంచున నిలువుగా లేచే జమ్ము ఉంటే అక్కడ నీరు వారాల తరబడి నిలుస్తుంది. సరస్వతి ఆకుకు కూడా అంత నీరు వద్దు. అది నీరుగొబ్బి కంటే రెండడుగులు పైన, గట్టు వాలులో ఉంటుంది. ఆ రెండడుగుల తేడా రాసుకోవడం మరిచిపోకండి.

*అడుగున నీరుందా?* ఈత, నేరేడు, ఏరుమద్ది, వావిలి, మొగలి. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో చెట్లనూ పుట్టలనూ చూసి నీటి జాడ పట్టడానికే ఒక అధ్యాయం కేటాయించాడు. అందులో నేరేడు చెట్టు కూడా ఉంది. బావికి అది పనికొచ్చే సమాచారం. మూలికకు ఎంతవరకు పనికొస్తుందో ఈత చెట్ల కథలో చూశారుగా.

*నీరు గబగబా ఇంకిపోతుందా?* తంగేడు, బందారు, బలుసు, వాక, పరికి కంప, వాటి నడుమ బోద గడ్డి. ఇవన్నీ కలిసి ఉంటే ఎర్రటి గులక నేల, సారం తక్కువ, నీరు నిలవదు. సుగంధిపాల, పిల్లి పీచర (శతావరి) ఎక్కువగా ఇలాంటి చోటే ఉంటాయి. సారం తక్కువ అన్న మాట చూసి భయపడకండి, వాటికి కావాల్సింది అదే.

*బరువు నేలా?* నల్ల తుమ్మ, మోదుగ, జమ్మి చెట్లు వాటంతటవే లేచిన చోట చాలాసార్లు రేగడో, చెరువు ఒండ్రో ఉంటుంది. వేసవిలో నెర్రెలు చూడండి. వేలు దూరేంత నెర్రె ఉంటే సన్నటి వేర్ల మూలికలకు ఆ నేల కష్టం, నేల చీలినప్పుడు వేరూ తెగుతుంది.

*చవుడా?* ఆకులు కండపట్టి, నమిలితే ఉప్పగా తగిలే పొట్టి మొక్కలు, వాటి నడుమ ఏమీ మొలవని బట్టతల మచ్చలు, ఎండాకాలంలో తెల్లటి పొర. ఈ మూడూ ఉంటే ఇక పరీక్ష కూడా అక్కర్లేదు. సర్కారు తుమ్మ ఇక్కడా పెరుగుతుంది, మంచి నేలలోనూ పెరుగుతుంది. అందుకే నేను దాన్ని సాక్షుల్లో ఎప్పుడూ లెక్కపెట్టను.

*సారం మరీ ఎక్కువా?* ఉమ్మెత్త, ముళ్ళ తోటకూర ఒత్తుగా లేస్తే అక్కడ ఒకప్పుడు పశువుల దొడ్డో, పెంట దిబ్బో ఉండేదని అర్థం. అలాంటి చోట మూలిక ఏపుగా, నవనవలాడుతూ కనిపిస్తుంది. అది చూసి మోసపోకండి. మీరు చూస్తున్నది అడవి నేల కాదు.

*నేల కదిలిందా?* వయ్యారిభామ, జిల్లేడు, పులికంప గుంపుగా ఉంటే ఈ మధ్య ఎవరో తవ్వారు, తగలబెట్టారు, లేదా మట్టి పోశారు. అక్కడ మూలిక ఉన్నా దాని పక్క మొక్కల మాట చెల్లదు. అన్నీ కొత్తగా వచ్చినవే, వాటికీ ఆ నేల సంగతి తెలియదు.

*నీడ ఎంత?* దీనికి చెట్టును చూడటం కంటే తుమ్మి మొక్కను చూడటం మంచిది. ఎండలో పెరిగిన తుమ్మిని పట్టుకుని రెండు కణుపుల మధ్య దూరం వేలితో కొలవండి. తర్వాత మీ మూలిక పక్కనున్న తుమ్మిని కొలవండి. కణుపుల మధ్య దూరం ఎక్కువగా, ఆకు పల్చగా వెడల్పుగా, కాడ వంగిపోతూ ఉంటే అక్కడ రోజులో చాలాభాగం నీడే. మీరు నిలబడిన గంటలో ఎండ పడుతున్నా సరే, తుమ్మి మాటే నమ్మండి. రాళ్ళ మీద పాచి, పగుళ్ళలో ఫెర్న్ మొక్కలు ఉంటే తేమ, నీడ రెండూ ఉన్నట్టు. మన వైపు గుట్టల్లో ఉత్తరపు వాలు దక్షిణపు వాలు కంటే చల్లగా ఉంటుంది, కనుక వాలు దిక్కు కూడా రాయండి.

6. గునపంతో, సీసాతో సరిచూడండి

మొక్కలు చెప్పింది మట్టి ఒప్పుకుందా లేదా చూడాలి. ఇది మీకు అనుమతి ఉన్న నేలలో మాత్రమే చేయండి.

జానెడు వెడల్పు, అడుగు లోతు గుంత తీయండి. నీళ్ళు నింపి పూర్తిగా ఇంకనివ్వండి. మళ్ళీ నింపి, కర్ర నిలబెట్టి గంట చూడండి. రెండోసారి పోసిన నీరు గంటకు అంగుళం కూడా దిగకపోతే అది నీరు పట్టి ఉంచే నేల. ఒకటి నుంచి నాలుగు అంగుళాలు దిగితే మధ్యస్థం. నాలుగు దాటితే గులక నేల లెక్క. మొదటిసారి పోసిన నీటిని చూసి తేల్చేయకండి, పొడి నేల ఏదైనా మొదట గటగటా తాగేస్తుంది.

సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్ళు పోసి గట్టిగా కుదిపి పెట్టండి. నిమిషంలో అడుగుకు చేరింది ఇసుక. రెండు గంటల్లో దాని మీద పేరుకున్నది ఒండ్రు. ఒకటి రెండు రోజులకు పైన దిగేది బంక. ఇసుక సగానికి మించి ఉంటే తంగేడు, బలుసు చెప్పిన మాట నిజమే.

చిటికెడు మట్టి మీద వెనిగర్ చుక్క వేయండి. బుసబుసా నురుగొస్తే అందులో సున్నం ఉంది.

ఇంకా సందేహం ఉంటే మట్టిని భూసార పరీక్షకు పంపండి. ఉదజని సూచిక (పీహెచ్) 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే తటస్థ నేల. లవణ సూచిక (ఈసీ) 1 లోపుంటే ఉప్పు భయం లేదు.

మొక్కల మాటకూ సీసా మాటకూ పొత్తు కుదరకపోతే? ఇది చాలామందికి ఎదురవుతుంది. పొదలు పదేళ్ళ నుంచి ఉన్నవైతే పొదల మాట నమ్మండి, సీసాలో ఉన్నది పిడికెడు మట్టే కదా. కానీ ఈ మధ్య పక్కన కాలువ వచ్చినా, చెరువు మట్టి తోలినా, బోర్లు ఎండిపోయినా పొదలు చెప్పేది పాత కాలపు మాట. అప్పుడు సీసాను నమ్మండి.

7. మీ మడికి తెచ్చుకోండి

*సుగంధిపాల.* గుట్ట మీద దీన్ని చూడాలంటే వంగాలి. బలుసు పొద మొదట్లోంచి సన్నటి తీగ బయటికి వస్తుంది. ఆకు నడుమ తెల్లటి చార. తీగ మొదలు పొద నీడలో, కొస ఎండలో. మా బీడులో ఒకసారి వాన కోతకు గట్టు విరిగి వేరు బయటపడితే కూర్చుని చూశాను. పెన్సిలంత లావు లేదు. రెండు పలక రాళ్ళ మధ్య సందులోకి అడ్డంగా దూరి, అవతల మళ్ళీ కిందికి దిగింది. మట్టిని అంటుకుని లేదు, రాతిని అంటుకుని ఉంది. గోటితో గీరితే వచ్చిన వాసన సాయంత్రం అన్నం తినేదాకా వేళ్ళకు ఉంది.

ఇప్పుడు మన పెరట్లో జరిగేది చూడండి. మెత్తటి నల్లమట్టి, దండిగా పశువుల ఎరువు, రోజూ నీళ్ళు. పొద లేదు, రాయి లేదు. ఆ వేరు కుళ్ళకేం చేస్తుంది? ఇలా చేయండి: ఎర్రమట్టి ఒక పాలు, గులక ఒక పాలు, ఇసుక సగం పాలు కలిపి జానెడు ఎత్తు కట్ట పోయండి. పక్కనే ఒక పొద ఉండాలి. బలుసు దొరక్కపోతే గోరింట పొద చాలు. తీగ నాటుకున్నదాకా వారానికి రెండు తడులు ఇవ్వండి. తర్వాత వానాకాలంలో అసలు పోయొద్దు, ఎండాకాలంలో వారానికొకటి చాలు. రెండేళ్ళు దాటేదాకా వేరు ముట్టుకోవద్దు. తవ్వినప్పుడు కూడా సగం వేర్లు నేలలోనే వదిలేయండి.

*సరస్వతి ఆకు.* దీనికి పక్కన తుంగ, పొన్నగంటి బతికే చోటు కావాలి. ఇంట్లో అలాంటి చోటంటే బోరు నీటి పంపు కింద, కొబ్బరి పాదు అంచు. కణుపు దగ్గర వేరున్న తీగ ముక్క పెట్టండి. సగం నీడ ఉండాలి, నేల ఒక్కరోజు కూడా పొడి అవకూడదు. సబ్బు నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు పారే చోట పెట్టకండి. మనం పచ్చిగా నమిలే ఆకు అది.

*నేలవేము.* ఆకు రాల్చే చెట్ల కింద, ఎండ చుక్కలు చుక్కలుగా పడే చోట దొరుకుతుంది. తుంగ ఉన్న చోట కనబడదు. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. విత్తనం నారు పోసి తొలకరిలో నాటి, పూత మీదుండగా కోస్తే చేదు బాగా ఉంటుంది. పెరట్లో మామిడి, సపోటా చెట్ల అంచు నీడ దీనికి సరిపోతుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మేకల్ని లెక్కలోకి తీసుకోకపోవడం అన్నిటికంటే పెద్దది. మా ఊరి బీడులో ఎటు చూసినా తంగేడు, బందారు తప్ప ఏమీ లేవు. నేల అంత పేదదా అని అక్కడ మేకలు కాసే పెద్దాయన్ను అడిగాను.

"నేలదేముందబ్బాయా, నా మేకలున్నాయి గదా," అన్నాడు. "తంగేడు ముట్టవు, బందారు ముట్టవు. తక్కినయ్యన్నీ చిగురెయ్యకముందే కొరికేస్తాయి. ఆ గుడి కంచె లోపలికి పోయి చూడు."

పోయి చూశాను. కంచెకు ఇటూ అటూ మట్టి ఒకటే. లోపల బలుసు, వాక, వాటి మీదికెక్కిన పిల్లి పీచర, తిప్పతీగ. బయట పశువులు వదిలేసినవి మాత్రమే మిగిలాయి. అప్పటినుంచి ఏ బీడుకెళ్ళినా ముందు మేక పెంట ఉందా అని చూస్తాను, తర్వాత కంచె ఉన్న చోటు వెతుకుతాను. మీరూ అదే చేయండి.

నాటిన చెట్లను సాక్షులుగా తీసుకోవడం రెండోది. రోడ్డు పక్క కానుగ, అటవీ శాఖ వరసగా పెట్టిన నీలగిరి, గుడి దగ్గర మారేడు, ఇవి మనిషి నీళ్ళు పోసి పెంచినవి. వరసలో ఉన్న చెట్టును వదిలేయండి.

పుట్ట పక్కన గడి వేయడం మూడోది. చెదలు అడుగు మట్టిని పైకి తెస్తాయి, అక్కడి నేల చుట్టూ ఉన్న నేలలా ఉండదు. పది అడుగులు దూరం జరగండి.

ఇవి పక్కనుంటే కోయొద్దు

గుర్రపుడెక్క నిండిన నీటి ఒడ్డున గుంటగలగర, సరస్వతి ఆకు ఎంత నిగనిగలాడినా వదిలేయండి. ఆ నీటిలోకి మురుగో ఎరువుల నీరో వచ్చి చేరుతోందని గుర్రపుడెక్క చెబుతోంది. ఆ మురుగులో ఏముంటే అది ఆకులోకీ ఎక్కుతుంది.

పొలం గట్ల మీద గడ్డి రంగు చూడండి. నడివానాకాలంలో పైరు పచ్చగా ఉండి, గట్టు గడ్డి మాత్రం గడ్డివాము రంగుకు తిరిగిందంటే గడ్డిమందు కొట్టారు. పత్తి, మిరప చేల గట్ల మీద అసలే వద్దు.

పిల్లి పీచర ఉండే కంపల్లోనే అగ్నిశిఖ తీగ కూడా ఉంటుంది. పువ్వు ఎరుపు పసుపు మంటలా, ఆకు కొస నులితీగలా చుట్టుకుని ఉంటుంది. దాని దుంప ప్రాణం తీస్తుంది. పూలు రాలిపోయాక తీగలు చిక్కుపడిన చోట దుంపలు తవ్వడం ఎంతమాత్రం మంచిది కాదు. ఏ మూలికైనా నేల కుదిరినంత మాత్రాన మందు అయిపోదు. వాడకం సంగతి వైద్యుణ్ణి అడగండి.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

మొక్క బతికిందా లేదా అన్నది మొదటి ఏడాది పెద్ద లెక్క కాదు. మీరు నీళ్ళు పోస్తున్నారు కాబట్టి ఎలాగో బతుకుతుంది. మడిలో వాటంతటవే మొలిచిన కలుపును చూడండి. తొలకరి తర్వాత ఒక మూల చదరపు మీటరు కలుపు తీయకుండా వదిలి, రెండు నెలలకు తాడు గడి వేసి రాయండి. గుట్ట మీద రాసుకున్న పుస్తకం పక్కన పెట్టి పోల్చండి.

సుగంధిపాల కట్ట మీద తుంగ, గుంటగలగర లేచాయా? నీళ్ళు ఎక్కువవుతున్నాయి. తడి తగ్గించి ఇంకో గంప గులక వేయండి. ముళ్ళ తోటకూర లేచిందా? ఎరువు ఆపండి. సరస్వతి ఆకు మడిలో పల్లేరు పాకుతోందా? నేల పైన పొడారిపోతోంది, తడి మీరు అనుకున్నంత లేదు. నేలవేము పక్కన తుమ్మి కణుపులు మరీ సాగి కనిపిస్తే పైన రెండు కొమ్మలు కొట్టండి.

నా సుగంధిపాల కట్ట మీద మొదటి ఏడాది తుంగ లేచింది, రెండో ఏడాది సగానికి తగ్గింది. మొన్నటి వానలకు ఆ మూల గడిలో తుంగ లేదు. గడి అంచున, కంచె వారగా, నేను వేయని తంగేడు మొలక ఒకటి రెండాకులు తొడిగింది. దాన్ని పీకలేదు.